క్రీడా మంత్రి గారికి: శిక్షగా వేయించే ఆ రౌండ్లు ఆపించండి

గౌరవనీయులైన క్రీడా శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. పిల్లల చేత శిక్షగా మైదానం చుట్టూ పరుగులు తీయించడం ఆపించమని తల్లిదండ్రులూ, మేం కొందరం కోచ్‌లమూ కలిసి ఇచ్చిన వినతిపత్రం మీ పేషీలో ఉంది. దాని మీద "తగు చర్య నిమిత్తం" అన్న రాత ఉంది, కింద మీ సంతకమూ ఉంది. తర్వాత గుర్తుచేస్తూ పంపిన ఉత్తరాలకు "పరిశీలనలో ఉన్నది" అని జవాబులొచ్చాయి. జూనియర్ క్రీడాకారుల సభలో వేదిక దిగి వస్తున్న మిమ్మల్ని తల్లులు ఆపి అడిగితే, ఈ సీజన్ మొదలయ్యేలోపే ఉత్తర్వు వస్తుందని మీరు మాటిచ్చారు. ఆ సీజన్ మొదలైంది, ముగిసింది కూడా. ఇప్పుడు మీ శాఖ నుంచి ఒకే వాక్యంతో జవాబు వచ్చింది: శిక్షణ పద్ధతులు సంబంధిత కోచ్ విచక్షణకు లోబడి ఉంటాయట.

ఆ వాక్యం చదివాకే ఇలా నలుగురూ చూసేలా రాయాలని నిర్ణయించుకున్నాను. మిమ్మల్ని చిన్నబుచ్చాలని కాదు. విచక్షణ అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. అక్కణ్ణించి ముందుకు పోలేకపోతున్నాను.

నేను పరుగు నేర్పేదాన్ని. నా దగ్గరికొచ్చే పిల్ల ఇవాళ ఎంత దూరం పరిగెత్తాలి, ఎంత వేగంతో, మధ్యలో ఎంతసేపు ఆగాలి, ఏం కనిపిస్తే ఆపేయాలి అన్నీ ముందురోజు రాత్రే పుస్తకంలో రాసుకుంటాను. రాత్రి నిద్ర పట్టిందా, కడుపు నొప్పేమైనా ఉందా, మొన్న పట్టేసిన పిక్క సర్దుకుందా అని అడిగాకే ట్రాక్ మీదికి పంపుతాను. దూరం పెంచాలంటే కొద్దికొద్దిగా పెంచుతాను. ఎండలో సాధనకు ఒళ్ళు అలవాటుపడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుందని, అంతవరకు తొందరపెట్టొద్దని తల్లిదండ్రులకు ప్రతి సీజన్ మొదట్లో చెప్తాను. దీన్ని విచక్షణ అనండి, కాదనను.

శిక్షగా వేయించే రౌండ్లలో వీటిలో ఒక్కటీ ఉండదు. ఆలస్యంగా వస్తే ఐదు. క్యాచ్ వదిలేస్తే పది. ఎదురు చెప్తే "నేను ఆపమనేదాకా". మ్యాచ్ ఓడితే జట్టు మొత్తానికి. ఐదు ఎందుకు, పది ఎందుకు అని అడిగితే ఏ కోచ్ దగ్గరా సమాధానం ఉండదు, ఎందుకంటే ఆ అంకె ఏ పుస్తకం నుంచీ రాలేదు. ఆ క్షణంలో ఆయనకు ఎంత కోపం వచ్చిందో అంత దూరం. పొద్దున ఇంట్లో గొడవపడి వచ్చిన కోచ్ దగ్గర ఐదు రౌండ్ల తప్పు పది రౌండ్ల తప్పవుతుంది. పిల్లవాడి గుండె, మూత్రపిండాలు, ఒంట్లో మిగిలిన నీరు, అన్నీ ఒక పెద్దమనిషి కోపం చల్లారే వేగం మీద ఆధారపడతాయి.

పైగా ఆ శిక్ష ఎప్పుడు పడుతుందో చూడండి. ఉదయం ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడు పడేది తక్కువ. రెండు గంటల ప్రాక్టీసు అయ్యాక, చెమటంతా కారిపోయాక, కండరాల్లో నిల్వ ఉన్న శక్తి అడుగంటాక, "ఇవాళ మీ ఆట చూస్తే సిగ్గేస్తోంది, లైన్ మీదికి రండి" అంటారు. శరీరం విశ్రాంతి అడుగుతున్న సమయంలోనే దానిమీద అత్యంత కఠినమైన బరువు పెడతారు. కొన్నిచోట్ల శిక్ష పూర్తయ్యేదాకా నీళ్ళ సీసా ముట్టనివ్వరు. ఇది నేను నా కళ్ళతో చూశాను.

మరో పద్ధతి ఉంది. అందరూ పరిగెత్తాలి, చివర వచ్చినవాడు మళ్ళీ పరిగెత్తాలి. మంత్రి గారూ, దయచేసి ఈ ఒక్క విషయం మీద నిమిషంసేపు ఆలోచించండి. చివర వచ్చేది ఎవరు? బరువు ఎక్కువున్నవాడు. జ్వరం నుంచి నిన్ననే లేచినవాడు. ఆస్తమా ఉండి చెప్పుకోలేనివాడు. ఇంకా అలవాటుపడని కొత్త పిల్లవాడు. గోల్‌కీపర్‌గా నిలబడటానికి వచ్చి ఎప్పుడూ దూరాలు పరిగెత్తని పిల్ల. ఎవరి ఒళ్ళు తక్కువ ఓర్చుకోగలదో ఏరి మరీ, వారిమీద రెట్టింపు వేసే పద్ధతి ఇది. మొదటి రౌండ్‌లో ముందొచ్చిన బలమైన పిల్లలు పక్కన కూర్చుని అలుపు తీర్చుకుంటుంటారు, బలహీనుడు ఒక్కడే తిరుగుతుంటాడు. ఏ వైద్యుడూ ఇలాంటి మోతాదు రాయడు.

ఇందులో నన్ను ఎక్కువ భయపెట్టేది దూరం కూడా కాదు. పిల్లవాడు "నావల్ల కావట్లేదు" అని చెప్పగలిగే దారి మూసుకుపోవడం. మామూలు సాధనలో కళ్ళు తిరుగుతున్నాయంటే కోచ్ కూర్చోబెడతాడు. శిక్షలో అదే మాట సాకు అవుతుంది. "నాటకాలాడకు", "ఇంకో రెండు ఎక్కువెయ్యి" అన్న జవాబు వస్తుంది. పక్కవాడికి ఇలాంటి జవాబు రావడం ఒకసారి చూసిన పిల్లవాడు ఇక జన్మలో నోరు తెరవడు. వడదెబ్బకు మొదటి గుర్తులు ఏమిటో మీకు తెలియనిది కాదు: తల తిరగడం, తడబడటం, పొంతనలేని మాటలు, చిరాకు, వాంతి. శిక్ష వేసిన మనిషి కళ్ళకు ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి, బద్ధకంలానో పొగరులానో. ప్రమాదాన్ని ముందుగా పట్టుకోవాల్సిన మనిషే దాన్ని గుర్తించలేని స్థితిలో ఉంటాడు.

ఊహించి రాయడం లేదు. అమెరికాలోని లూయిస్‌విల్‌లో 2008 ఆగస్టులో ఒక హైస్కూల్ ఫుట్‌బాల్ జట్టు సరిగా కష్టపడటం లేదని కోచ్ వేడిలో అదేపనిగా పరుగులు తీయించాడు. 15 ఏళ్ళ కుర్రాడు కుప్పకూలాడు, మూడు రోజులకు ఆసుపత్రిలో చనిపోయాడు. ఎవరో ఒకరు జట్టు వదిలి వెళ్ళేదాకా పరిగెత్తాల్సిందేనని కోచ్ అన్నట్టు అక్కడున్నవాళ్ళు చెప్పారు. ఆ కోచ్ మీద క్రిమినల్ కేసు నడిచింది, 2009లో జ్యూరీ ఆయన్ని నిర్దోషి అంది. నేను ఆ తీర్పును ప్రశ్నించడం లేదు. అందులోంచి నాకు అర్థమైనది ఒకటే: పిల్లవాడు పోయాక కోర్టులో ఎవరి తప్పో తేల్చడం చాలా కష్టం, కాబట్టి నియమం ముందే ఉండాలి. రాసిపెట్టిన నిషేధం లేనిచోట "అందరూ చేసేదే కదా" అన్న వాదనకు ఎదురుండదు.

2006లో రైస్ విశ్వవిద్యాలయంలో 19 ఏళ్ళ ఫుట్‌బాల్ ఆటగాడు 100 గజాల పరుగులు 16 తీసి పడిపోయాడు, మర్నాడు మరణించాడు. అతనిలో సికిల్ సెల్ లక్షణం ఉంది, అంటే ఎర్ర రక్తకణాలకు సంబంధించి పుట్టుకతో వచ్చే ఒక లక్షణం. రోజువారీ జీవితంలో ఏ ఇబ్బందీ పెట్టని ఆ లక్షణం, ఆపకుండా శక్తికి మించి పరిగెత్తిస్తే ప్రాణం తీయగలదు. అది అతని శిక్ష కూడా కాదు, సాధనే. ఆ కుటుంబం చేసిన పోరాటం తర్వాతే అక్కడి కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ పై స్థాయి జట్లలో ఆ లక్షణం ఉందో లేదో చూసే పరీక్షను 2010 నుంచి తప్పనిసరి చేసింది. తన ఒంట్లో ఇలాంటిది ఉందని తెలియని పిల్లవాడికి ఉన్న ఏకైక రక్షణ, అలుపొచ్చినప్పుడు ఆగిపోయే స్వేచ్ఛ. శిక్ష పరుగు లాక్కునేది ఆ స్వేచ్ఛనే.

మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో జోర్డన్ మెక్‌నెయిర్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు 2018 మే 29న 110 గజాల పరుగులు తీస్తూ నిలబడలేకపోయాడు. లక్షణాలు కనిపించాక అంబులెన్సు బయల్దేరడానికి గంటన్నరకు పైగా పట్టింది. చల్లటి నీళ్ళ తొట్టిలో ముంచాల్సింది, ముంచలేదు. జూన్ 13న పోయాడు. వయసు 19. శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మెదడు తడబడటం మొదలైతే ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. అరగంటలోపు చల్లబరిస్తే దాదాపు అందరూ బతుకుతారు. ఇంత తెలిసిన, ఇంత సులువైన చికిత్స ఉన్న చావు ఇది. ఆ తల్లిదండ్రులు కొడుకు పేరిట 2021లో ఆ రాష్ట్రంలో చట్టం తెప్పించుకున్నారు. మాకు కూడా ఒక పిల్లవాడి పేరు మీద చట్టం రావాలని మేం కోరుకోవడం లేదు. ఏ పేరూ అక్కర్లేని ఒక ఉత్తర్వు చాలు.

ఇక మా దగ్గర జరిగింది. పేరు చెప్పను, ఆ శిక్షణ కేంద్రం పేరూ చెప్పను, వినతిపత్రంలో వివరాలన్నీ మీ దగ్గరున్నాయి. రాత్రంతా జ్వరంతో ఉన్న పిల్లవాడు జట్టులో చోటు పోతుందన్న భయంతో ప్రాక్టీసుకు వెళ్ళాడు. ఆలస్యమైంది. కారణం చెప్పబోతే వినలేదు, రౌండ్లు వేయమన్నారు. వేశాడు. తొడలు బిగుసుకుపోయి కింద కూర్చుంటే మళ్ళీ లేపారు. ఇంటికెళ్ళాక మెట్లెక్కలేకపోయాడు. మర్నాడు మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చింది. కండరాలు చిట్లి వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలకు అడ్డుపడుతోందని వైద్యులు చెప్పారు. దేవుడి దయవల్ల కోలుకున్నాడు. ఆ తల్లి నాతో అన్నమాట నేను మర్చిపోలేను: "కొట్టినా బాగుండేది మేడమ్, దెబ్బ కనిపించేది, అప్పుడే తీసుకెళ్ళేదాన్ని."

కనిపించే దెబ్బ లేకపోవడం వల్లే ఇది ఇన్నాళ్ళు నడుస్తోంది. బడిలో బెత్తం వాడితే తప్పని అందరం ఒప్పుకున్నాం. గదిలో పిల్లవాడి మీద చెయ్యెత్తిన మాస్టారికి నోటీసు వస్తుంది. అదే పిల్లవాణ్ణి గ్రౌండ్‌లోకి తీసుకొచ్చి వాంతి అయ్యేదాకా పరిగెత్తిస్తే ఆయనకు స్ట్రిక్టు కోచ్ అన్న పేరొస్తుంది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2006లోనే శారీరక దండన అంటే ఏమిటో వివరిస్తూ, పిల్లల్ని ఇబ్బందికరమైన భంగిమల్లో బలవంతంగా ఉంచడాన్ని కూడా అందులో చేర్చింది. కదలకుండా నిలబెట్టడం దండన అయినప్పుడు, ఆగకుండా పరిగెత్తించడం ఏమవుతుంది?

క్రమశిక్షణ ఎలా వస్తుందని కోచ్‌లు మమ్మల్ని అడుగుతారు. మీ శాఖలో పెద్దలు కూడా అదే అడిగారు. వాళ్ళందరూ చెడ్డవాళ్ళని నేను అనడం లేదు. చాలామంది తాము నేర్చుకున్న రోజుల్లో ఇలాగే పరిగెత్తారు, ఇలాగే ఎదిగామనుకుంటారు. ఎదిగినవాళ్ళే ఇవాళ కోచ్‌లుగా ఉన్నారు. ఆ రౌండ్ల కింద నలిగి మధ్యలో ఆట మానేసినవాళ్ళు ఇక్కడ లేరు, కాబట్టి వాళ్ళ మాట ఎవరికీ వినపడదు.

క్యాచ్ వదిలిన పిల్లకి ఏం రావాలి? క్యాచ్ పట్టడం రావాలి. పది రౌండ్లు తిరిగొచ్చిన చేతులు వణుకుతాయి, తర్వాతి క్యాచ్ కూడా పోతుంది, దానికి మళ్ళీ రౌండ్లు. ఇరవై నిమిషాలు పరిగెత్తిన పిల్ల ఇరవై నిమిషాలు బంతి ముట్టుకోలేదు. ఆలస్యంగా వచ్చినవాడికి ఎందుకు ఆలస్యమైందని అడగాలి. బస్సు తప్పిపోయిందా, చెల్లెల్ని బడిలో దించాడా, నిద్ర లేవలేదా అని తెలుసుకోవాలి. నిజంగా నిర్లక్ష్యమే అయితే మ్యాచ్‌లో మొదటి సగం కూర్చోబెట్టండి. ఆట కోసం ప్రాణమిచ్చే పిల్లవాడికి అంతకన్నా పెద్ద శిక్ష ఉండదు, అతని కండరాలకు ఏమీ కాదు. సామాను సర్దించండి, పక్కకు పిలిచి మాట్లాడండి, ఇంట్లో వాళ్ళని పిలిపించండి. దారులు లేక కాదు. రౌండ్లు వేయించడం సులువు, ఈలవేస్తే చాలు, కోచ్ తాను నేర్పలేకపోయిన దాని గురించి ఆలోచించనక్కర్లేదు.

ఒకడు తప్పుచేస్తే అందరినీ పరిగెత్తించి, తప్పుచేసినవాణ్ణి మధ్యలో నిలబెట్టి చూడమనడం ఇంకా దారుణం. జట్టు ఐక్యత కోసమంటారు. ఆ సాయంత్రం బట్టలు మార్చుకునే గదిలో ఆ పిల్లవాడికి ఏం జరుగుతుందో కోచ్‌కి తెలియదు, తెలిసినా పట్టించుకోడు. తన చెయ్యి అంటకుండా తోటి పిల్లల చేత కొట్టించడమే అది.

నా వృత్తికి ఇది చేసిన నష్టం కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చెప్పేవాళ్ళు తక్కువ. వాలీబాల్ నుంచి నా దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. పొడవైన అడుగు, తేలికైన ఒళ్ళు, పరుగు కోసమే పుట్టినట్టుండేది. మొదటిరోజు వార్మప్ కోసం నెమ్మదిగా రెండు రౌండ్లు వెయ్యమ్మా అన్నాను. ఆ పిల్ల కదల్లేదు. తల వంచుకుని, "నేనేం తప్పు చేశాను మేడమ్?" అంది. నాకు నోట మాట రాలేదు. పరుగులో సంతోషం ఉంటుందని, ఊపిరి ఒక తాళంలో పడ్డాక మనసు కుదుటపడుతుందని ఆ పిల్లకి నమ్మకం కలిగించడానికి నాకు చాలా కాలం పట్టింది. ఇప్పటికీ ఈల శబ్దం వినిపిస్తే భుజాలు బిగుసుకుంటాయి. ఎంతమంది పిల్లలు ఇలా జీవితాంతం పరుగుకు దూరమైపోతున్నారో! ఒకవైపు జనం నడవాలి, పరిగెత్తాలి, ఆరోగ్యంగా ఉండాలని మీ శాఖే ప్రచారం చేస్తోంది. మరోవైపు మీ శాఖ పరిధిలోని మైదానాల్లోనే పరుగంటే తప్పుకు పడే శిక్ష అని పదేళ్ళ పిల్లలకి నేర్పుతున్నారు. అమెరికాలో వ్యాయామ ఉపాధ్యాయుల జాతీయ సంఘం 2009లోనే శారీరక శ్రమను శిక్షగా వాడటం తగదని ప్రకటించింది. ఎన్‌సీఏఏ 2019లో విడుదల చేసిన సిఫార్సుల్లో కూడా వ్యాయామాన్ని శిక్షగా వాడకూడదన్న మాట స్పష్టంగా ఉంది. ఆటల్లో గెలుపు కోసం అంత తపించే దేశంలోనే ఈ మాట రాసుకున్నారు. గెలవడానికి ఇది అవసరమని మాత్రం దయచేసి ఎవరూ మీకు చెప్పనివ్వకండి.

మేం అడిగేది పెద్దదేమీ కాదు, ఖర్చు కూడా లేదు. ఏ వయసు పిల్లలకైనా, బడిలోనైనా కాలేజీలోనైనా అకాడమీలోనైనా, పరుగును గానీ ఇంకే వ్యాయామాన్ని గానీ శిక్షగా వేయించకూడదని ఒక ఉత్తర్వు. అందులో "వీలైనంతవరకు", "సాధ్యమైన మేరకు" లాంటి మాటలు వద్దు, ఆ మాటల సందులోంచే అన్నీ జారిపోతాయి. ఒంట్లో బాలేదన్న పిల్లవాడు ఎవరి అనుమతీ లేకుండా ఆగిపోవచ్చని, నీళ్ళు తాగొచ్చని, దానికి తర్వాత ఏ శిక్షా ఉండదని అందులోనే రాయండి. ఫిర్యాదు చేయాలంటే అదే కోచ్ దగ్గరికి వెళ్ళాల్సిన పరిస్థితి తప్పించండి. జట్టు ఎంపిక ఆయన చేతిలో ఉన్నంతకాలం ఏ తల్లీ ఫిర్యాదు చేయదు, ఏ పిల్లా నోరు తెరవదు. కోచ్‌ల శిక్షణ తరగతుల్లో వడదెబ్బ గుర్తులు, చల్లబరిచే పద్ధతి, మూత్రం రంగు మారితే ఏం చేయాలి అన్నవి నేర్పించండి. వేసవి శిబిరం నడిచే ప్రతి మైదానంలో మనిషి పట్టే నీళ్ళ తొట్టి, మంచుగడ్డలు ఉండేలా చూడండి. ఇవన్నీ ఒక్కసారిగా కుదరవంటారా, ముందు ఆ మొదటి ఉత్తర్వు ఇవ్వండి. మిగతావాటికి మేం మళ్ళీ వస్తాం, మళ్ళీ అడుగుతాం. కానీ అది మాత్రం ఆపకండి.

కోచ్ విచక్షణ అని మీ శాఖ రాసిన ఆ జవాబును వెనక్కి తీసుకోమని చేతులు జోడించి అడుగుతున్నాను. ఆ కాగితం ఇప్పటికే ఒక శిక్షణ కేంద్రంలో నోటీసు బోర్డు మీదికెక్కింది. మంత్రిగారి ఆఫీసే మాకు స్వేచ్ఛ ఇచ్చిందని తల్లిదండ్రులకు చూపిస్తున్నారు. మీ ఉద్దేశం అది కాదని నేను నమ్ముతున్నాను. అలా నమ్మబట్టే ఈ లేఖ రాస్తున్నాను.

వేసవి శిబిరాలకు పేర్లు నమోదు మొదలైంది. జ్వరంతో పరిగెత్తిన ఆ పిల్లవాడు మళ్ళీ ఆడతానంటున్నాడు, పంపాలా వద్దా అని వాళ్ళమ్మ నన్ను అడుగుతోంది. శిబిరాలు మొదలయ్యేలోపు ఉత్తర్వు వస్తుందో రాదో ఆమెకు చెప్పాలి. దయచేసి ఆ ఒక్కమాట రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
పరుగు నేర్పే ఒక శిక్షకురాలు